ఆ పిల్ల సంగతి ఆ పిల్లదే

మధ్యాహ్నం అన్నం తిని కుర్సీల ఒరిగితే మానేరు కట్ట దిక్కు నుంచి గాలి వస్తది. కండ్లు సగం మూతపడ్తయి. నిద్ర గాదు, మెలకువ గాదు. గప్పుడు వాళ్లు వస్తరు. ముఖాలు ఉంటయి, పేర్లు ఉండయి. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంటది. ఒకాయన చీటిని నాలుగు మడతలు పెట్టి అంగి లోపలి జేబుల దాస్కుంటడు. నీళ్ల అడుగున నడిచినట్టు మెల్లగ నడుస్తరు, ఎవ్వరూ మాట్లాడరు. ఎవర్నన్న పేరు పెట్టి పిలుద్దామనుకుంట. నోరు రాదు. పదిమందిల పేరు పెట్టి పిలువొద్దని ఇరవై ఏండ్లు నేర్సుకున్న నోరు అది.

ఉత్తర తెలంగాణల ఒక సర్కారు దవాఖానల కౌన్సెలర్‌గ పనిచేసిన. ఏ దవాఖానో రాయను. హెచ్ఐవీ ఉన్నోళ్లకు నెలనెలా మందులిచ్చే కేంద్రం మాది. డాక్టరు పరీక్ష చేస్తడు, ఫార్మసిస్టు మందులిస్తడు, నడుమ చిన్న గదిల కూసొని మాట్లాడేది నేను. మా చుట్టాలల్ల సగం మంది నన్ను మున్సిపాలిటీ కౌన్సిలర్ అనుకునేటోళ్లు. వాడల మోరీ సాఫ్ చేపియ్యమని గూడ అడిగిన్రు. నేను కాదనలే. చూస్త అన్న.

ఇప్పుడు ఆ గదిలకు కొత్తగ వచ్చిన పిల్లలు ఫోన్ చేసి, మేడం, జర మీ అనుభవం చెప్పుండ్రి అంటరు. వాళ్ల శిక్షణల చాన చెప్తరు, మంచిగనే చెప్తరు. నేను చెప్పేది ఒక్క పిల్ల కథ. అందుల ఒక తప్పు ఉన్నది. ఆ తప్పు నాది.

ఆ పిల్లకు ఇక్కడ మల్లిక అని పేరు పెట్టిన. అసలు పేరు గాదు. ఆమెను అడిగే రాస్తున్న. రాసినంక ఫోన్ల చదివి వినిపించిన. రెండు కాడ తీసెయ్యుమన్నది, తీసేసిన.

బాపమ్మ, మనుమరాలు

మా దగ్గరికి వచ్చేనాటికి మల్లికకు తొమ్మిదేండ్లు. సుల్తానాబాద్ దిక్కు ఒక పల్లె. నాయన బొగ్గుబాయిల కాంట్రాక్టు కింద పనిచేసేటోడు. ముందు ఆయన పోయిండు, యాడాదికి తల్లి పోయింది. పిల్లకు మాటిమాటికి జ్వరం, దగ్గు వస్తుంటే పరీక్ష చేసిన్రు. తల్లి నుంచి పుట్టుకతోటే సోకింది. ఆ తల్లికి ఎట్ల వచ్చింది, తండ్రికి ఎట్ల వచ్చింది అని నేను అడగలే. కొత్తగ వచ్చేటోళ్లకు చెప్తున్న, అది అడగాలని నాలిక దురద పెడ్తది. అడగొద్దు. ఆ జవాబు తెల్సినా తెల్వకున్నా ఇచ్చే మందు అదే.

పిల్లను సాదేది బాపమ్మ, అంటే తండ్రి తల్లి. నాట్లకు, కలుపుకు పోయే మనిషి. మొదటి బస్సుకు వచ్చేది. కాళ్ల మీద ముందటి రోజు బురద ఎండి తెల్లగ ఉండేది. పిల్లతోటి, నీకు నెత్తురు తక్కువున్నది, బలం గోలీలు వేస్తున్నరు అని చెప్పింది. ఊరికి గూడ అదే చెప్పింది.

"బిడ్డా, గీ ముచ్చట ఈ భూమ్మీద ముగ్గురికే తెల్సు. నాకు, నీకు, డాక్టర్ సారుకు. నా కడుపుల పుట్టిన బిడ్డకు గూడ నేను చెప్పలే. నువ్వు గూడ మర్సిపో," అన్నది మొదటిరోజే.

"మర్సిపోయిన అవ్వా," అన్న.

మల్లికకు మా గది అంటే ఇష్టం. కిటికీకి ఆకుపచ్చ పరదా ఉండేది. పొద్దటి ఎండ దాని మీద పడితే గదంత పచ్చగ, మసకగ అయ్యేది. గాలికి పరదా ఊగితే గోడలు గూడ ఊగినట్టు ఉండేది. పిల్ల నేల మీద వెల్లకిల పండుకొని, "మేడం, మీ రూము చెరువు లోపల ఉన్నట్టు ఉన్నది," అనేది. బయట బాపమ్మ మందుల కోసం వరుసల నిలబడేది. లోపల మేమిద్దరం చెరువు అడుగున ఉండేటోళ్లం. నా నౌకరిల నాకు గుర్తున్న సుఖం ఏదన్న ఉన్నదంటే అదే.

నేను బడికి పోయిన రోజు

నెలకు ఒకరోజు దవాఖానకు రావాలె. నడుమ నడుమ జ్వరాలు. బడికి నాగాలు ఎక్కువైనయి. పేరు తీసేస్తమని బడిల అంటున్నరని బాపమ్మ చెప్పింది.

"ఎట్ల జెయ్యాలె బిడ్డా?"

"ఫికర్ చెయ్యకు అవ్వా, నేను చూసుకుంట," అన్న.

ఒక శనివారం బస్సెక్కి ఆ ఊరికి పోయిన. హెడ్మాస్టర్ సారు మంచి మనిషి. ఆ మాట ఇప్పటికీ అంట. బడి గోడలకు తన చేతులతోటే రంగులేసుకున్నడు. పిల్లలు ఆయన సైకిల్ చప్పుడు విని ఎదురు ఉరికేటోళ్లు. అసొంటి మనిషికి నిజం చెప్తే పిల్లకు ఒక అండ దొరుకుతదనుకున్న. చెప్పిన. ఆయన కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. 

"మేడం, నన్ను నమ్మి చెప్పిన్రు. ఈ పిల్లను నా బిడ్డలెక్క చూసుకుంట," అన్నడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సుల కిటికీ పక్క కూసున్న. రెండు దిక్కుల కొత్తగ నాట్లేసిన మళ్లు. నీళ్లల్ల మొగులు కనపడ్తుండె. బస్సు నేల మీద గాదు, మబ్బుల నడుమ పోతున్నట్టు ఉండె. మంచి పని చేసిన అనుకున్న దినం పానం ఎంత తేలికగ ఉంటదో! ఆ తేలికదనం మీద నాకు ఇప్పుడు నమ్మకం లేదు.

ఎందుకంటే, ఏం అవసరం ఉండె సారుకు చెప్పాల్సిన అవసరం? మందు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెండూ ఇంట్లనే. కలిసి ఆడుకుంటే, కలిసి తింటే, ఒక్క బెంచీ మీద కూసుంటే ఇది అంటదు. ఈ పిల్ల దవాఖానల చికిత్స తీసుకుంటున్నది, నెలకు ఒకరోజు రావాలె అని జబ్బు పేరు లేకుంట ఒక చీటి రాస్తే సరిపోయేది. నేను చీటి రాయాల్సిన కాడ నిజం చెప్పిన.

ఇంకోటి ఉన్నది. బాపమ్మను అడగకుంట చెప్పిన. అడిగితే వద్దంటదని తెల్సు. అందుకే అడగలే. నా తప్పుల అసలు తప్పు అది.

రెండో గుడ్డు

హెడ్మాస్టర్ సారు క్లాసు టీచరమ్మకు చెప్పిండు. ఎందుకు? పిల్లను కొట్టొద్దని, ఎండల ఉరికియ్యొద్దని. టీచరమ్మ మధ్యాహ్నం వంట చేసే ఆమెకు చెప్పింది. ఎందుకు? పిల్లకు బలం కావాలె, ఇంకో గుడ్డు పెట్టుమని. వంటామె రోజు గుడ్డు మీద గుడ్డు పెట్టింది. పక్కన కూసున్న పిల్లలు, దానికెందుకు రెండు అని అడిగిన్రు. వంటామె నాలుగు రోజులు ఏదో ఒకటి చెప్పింది. అయిదోరోజు తన చెల్లెకు చెప్పుకున్నది, పాపం ఆ పిల్ల ఎంతకాలం ఉంటదో అని ఏడ్సుకుంట.

చూడుండ్రి, ఇందుల ఒక్క చెడ్డ మనిషి లేడు. ప్రతి ఒక్కళ్లు జాలితోటే చెప్పిన్రు. నేను గూడ.

వానలు ఎనుకవట్టక ముందే ఊరంత తెల్సిపోయింది. తల్లులు బడికి వచ్చి గొడవ పెట్టుకున్నరు. హెడ్మాస్టర్ సారు వాళ్లకు అడ్డం నిలబడ్డడు, ఒకామె ఆయన మీద దుమ్ము గూడ చల్లింది. కానీ ఇంట్ల నేర్పి పంపిన మాటకు బడిల ఏం చేస్తడు? మల్లిక కూసుంటే వరుసంత దూరం జరిగేది. తర్వాత తర్వాత ఆ పిల్లనే తన పళ్లెం పట్టుకొని వరండా కొసకు పోయి తినుడు అలవాటు చేసుకున్నది. ఎవరూ పొమ్మని చెప్పలే. వాళ్లు జరగకముందే తను లేచి పోయేది.

ఆ నెల బాపమ్మ వచ్చింది. వరుసల నిలబడలే. సీదా నా గదిలకు వచ్చింది. మల్లిక బయట బరువు తూగే మిషిన్ మీద నిలబడి ఉన్నది.

"బిడ్డా, ఊరందరికీ ఎర్కైంది. డాక్టర్ సారు చెప్పిండా, నువ్వు చెప్పినవా?"

అబద్ధం చెప్పాలని నాలిక చివరి దాక వచ్చింది. ఊర్ల ఎట్ల తెల్సిందో అవ్వా, ఎవరన్న చూసి ఉంటరు అంటే ఆమె నమ్మేది. ఆమె ముఖం దిక్కు చూసిన. నమ్మడానికే వచ్చినట్టు ఉన్నది ఆ ముఖం.

"నేనే చెప్పిన అవ్వా. హెడ్మాస్టర్ సారుకు."

తిడ్తదనుకున్న. తిట్టలే. "గట్లనా," అన్నది. లేచి కొంగు నడుముకు చెక్కుకున్నది. పిల్ల రెక్క పట్టుకొని పోయింది. మందులు తీసుకోలే.

తర్వాతి నెల రాలే. ఆ పైనెలా రాలే. రిజిస్టర్ల ఆ గడి ఖాళీగ ఉన్నది. ఈ మందు ఒక్కరోజు ఆపొద్దు, ఆపితే లోపల పురుగు మళ్ల లేస్తది. దవాఖాన జీపుల పోయి తీసుకొస్త అన్న. డాక్టర్ సారు ఒప్పుకోలే. "ఆ వాకిట్ల మన జీపు ఆగుడంటే, ఇంకోసారి దండోరా ఏసినట్టే," అన్నడు. బస్సుల ఒక్కదాన్నే పోయిన, చుట్టపు మనిషి లెక్క. తలుపుకు తాళం. పక్కింటామె, "ఖానాపూర్ దిక్కు బిడ్డ ఇంటికి పోయిన్రు," అని లోపలికి పోయింది. వాళ్లకు నువ్వేమైతవని నన్ను అడగలే. అడగలేదంటే తెల్సినట్టే. వాళ్ల అరుగు మీద కొద్దిసేపు కూసున్న. వాన తుంపర పడ్తున్నది. ఇంటి ముంగట నాటిన బంతి మొక్కలు అప్పుడే మొగ్గ తొడుగుతున్నయి. నీళ్లు పోసేటోళ్లు లేకున్నా వాన పోస్తున్నది. ఎంతసేపు కూసున్ననో నాకు ఎర్క లేదు.

డాక్టర్ సారు అడిగిన మాట

మూడో నెల వాళ్లే వచ్చిన్రు. పిల్ల బాపమ్మ భుజం మీద ఉన్నది, అంత పెద్ద పిల్ల. ఒళ్లు కాలిపోతున్నది. డాక్టర్ సారు పన్నెండు రోజులు వార్డుల పెట్టుకున్నడు. బతికింది. రోజూ పొద్దున పోయి మంచం పక్కన నిలబడేదాన్ని. బాపమ్మ నాతోటి మాట్లాడేది గాదు, కానీ స్టూలు జరిపేది. కూసునేదాన్ని.

డాక్టర్ సారు కరీంనగర్ల పుట్టి పెరిగిన ముస్లిం మనిషి. ఇంట్ల ఉర్దూ, బయట మన తెలుగు. కోపమొస్తే గొంతు తగ్గిస్తడు. పిల్ల తేరుకున్న రోజు నన్ను పిలిచిండు.

"నువ్వు హెడ్మాస్టర్‌కు చెప్పినవ్. ఆయన టీచర్‌కు చెప్పిండు. ఆమె వంటామెకు చెప్పింది. ఇప్పుడు ఊరంత ఎర్క. ఇంక ఎర్క లేనిది ఎవలకు? జర సోంచాయించు."

నేను ఒక్కొక్కళ్లను వేళ్ల మీద లెక్కపెట్టిన.

"ఆ పిల్లకు," అన్నడు. "అది ఎవరి ముచ్చటనో వాళ్లకు చెప్పకముందే మనం ఊరికి పంచినం."

నౌకరిల నన్ను చాన మంది తిట్టిన్రు. ఆయన తిట్టలే. కానీ ఇంతగనం తాకిన మాట ఇంకోటి లేదు. ఇప్పుడు దీనికి చట్టం గూడ ఉన్నది, ఒప్పుకోలు లేకుంట ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పొద్దని. మంచిదే. కానీ చట్టం కంటె ముందు ఆ ప్రశ్న అడుక్కోవాలె. ఇది ఎవరి ముచ్చట?

పిల్లకు చెప్పాలంటే బాపమ్మ ఒప్పుకోవాలె. ఆమె ఒప్పుకోలే. "పసిది. గుండె పగిలి సస్తది," అన్నది. ఈసారి నేను ఆమెను దాటి పోలే. నెలనెలా అడిగిన. నెలనెలా వద్దన్నది. మామిడి పూత మీద ఉన్న రోజులల్ల, ఒక పొద్దున, తనే అన్నది.

"ఇగ చెప్పు బిడ్డా. నేను గీ పక్కకు కూసుంట. నేనైతే నోరు తెరవ."

పచ్చ పరదా ఊగుతున్నది. మల్లికను ఎదురుంగ కూసోబెట్టుకొని మెల్లగ మొదలుపెట్టిన, నెత్తురుల కావలి కాసేటోళ్లు ఉంటరని, వాళ్లను తినే పురుగొకటి ఉంటదని, నీ గోలీలు దాన్ని నిద్రపుచ్చుతయని. పిల్ల సాంతం విన్నది. దాని పేరు గూడ చెప్పిన.

"ఆ పేరు నాకు తెల్సు మేడం. బడిల పిల్లలు అన్నరు. మీరు ఎప్పుడు చెప్తరా అని చూస్తున్న."

బాపమ్మ కొంగు ముఖం మీదికి గుంజుకున్నది.

"నన్ను కన్న మా అవ్వకు గూడ గదేనా?"

"అవును."

"అవ్వ తాన్నుంచే నాకు వచ్చిందా?"

"అవును బిడ్డా."

పరదా దిక్కు చూసింది. "అయితే మా అవ్వది ఒకటి నా తాన ఉన్నట్టే," అన్నది.

దానికి జవాబు ఏ శిక్షణల నేర్పరు. పిల్ల మళ్ల తనే అడిగింది, "ఇగ నేను ఎవరికి చెప్పాలె?"

"ఎవరికీ చెప్పాలని లేదు. చెప్పొద్దని గూడ లేదు. ఇది నీది. కానీ ఒకసారి చెప్పినంక మళ్ల వాపస్ తీసుకోలేవు. నేను తీసుకోలేకపోయిన."

పదేండ్ల పిల్ల ముందట తప్పు ఒప్పుకున్న. ఆ పిల్ల తల ఊపింది, పెద్దమనిషి లెక్క.

ఖానాపూర్ నుంచి వచ్చే బస్సు

ఖానాపూర్‌ల కొత్త బడి. జబ్బు పేరు లేని చీటి. అక్కడ ఎవ్వరికీ చెప్పలే. మేనత్తకు మాత్రం బాపమ్మ చెప్పుకున్నది, అది గూడ మల్లికను అడిగి. వాళ్లకు దగ్గర్ల ఇంకో కేంద్రం ఉన్నా మా దగ్గరికే వచ్చేటోళ్లు, రెండు బస్సులు మారి. దగ్గర్ల ఎవరన్న తెల్సినోళ్లు కనపడ్తరని. మా వరుసల సగం మంది అట్ల దూరం నుంచి వచ్చినోళ్లే.

ఏండ్లు పోయినయి. పొద్దటి మంచుల నుంచి బస్సు దిగి, శాలువ కప్పుకొని నడిచి వచ్చే పిల్ల ప్రతిసారి ఒక వేలెడు ఎత్తు పెరిగినట్టు కనపడేది. ఇంటర్ అయింది. ఒక జిరాక్స్ దుకాణంల కంప్యూటర్ పని దొరికింది. పరీక్షలల్ల ఆమె నెత్తురుల పురుగు లెక్కకు దొరకనంత తగ్గింది. ఇట్లనే మందులు వేసుకుంటే పెండ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని గూడ కనొచ్చు అని డాక్టర్ సారు చెప్పిండు. ఆ రోజు ఆమె నవ్విన నవ్వు నేను చూడని ఆమె తల్లి నవ్వు అయి ఉంటదని అనుకున్న.

నేను రిటైర్ అయ్యేటి యేడు సంబంధం వచ్చింది. పెద్దపల్లి దిక్కు పిలగాడు, రైస్ మిల్లుల మిషిన్లు బాగుచేస్తడు. చూసిపోయిన్రు, నచ్చింది. బాపమ్మ నన్ను పక్కకు పిలిచింది.

"చెప్పకుంట చేద్దాం బిడ్డా. మందులు ఏసుకుంటనే ఉన్నది గదా. ఒకసారి చెప్పి ఏం బాగుపడ్డం?"

ఆమె మాట తీసెయ్యలేను. కానీ బడి సంగతి వేరు, పెండ్లి సంగతి వేరు. బడిల ఎవరికీ తెల్వాల్సిన అవసరం లేకుండె. ఇక్కడ ఒకనికి ఉన్నది. అట్లని నేను పోయి చెప్తనా? మల్లికను అడిగిన.

"నేనే చెప్త మేడం. మీరు జర దూరం కూసోండి," అన్నది.

పెద్దపల్లి స్టేషన్ల

పొద్దుగాల. పట్టాల మీద మంచు. బొగ్గు వ్యాగన్లు ఒకదాని ఎనుక ఒకటి పోతనే ఉన్నయి, ఎక్కడ మొదలో ఎక్కడ కొసనో కనపడకుంట. వాళ్లిద్దరు ఒక బెంచీ మీద, నడుమ ఇంకో మనిషి పట్టేంత జాగ. నేను జర అవతల, పక్క బెంచీ మీద. బండి చప్పుడుకు మాటలు మునుగుతున్నయి, తేలుతున్నయి. కల లెక్క ఉండె. ఆమె పెదవులు కదులుడు చూసిన, అతని చేతుల చాయ్ గిలాస చల్లారుడు చూసిన.

బండి పోయింది. ఒక్కసారి అంత నిమ్మళం.

"చెప్పకుంటే నాకు తెల్వకపోయేది. ఎందుకు చెప్పిన్రు?" అన్నడు అతను.

"నన్ను అడగకుంట నా బతుకు మీద అందరు నిర్ణయాలు చేసిన్రు," అన్నది మల్లిక. "నేను మీకు అట్ల చెయ్యొద్దనుకున్న."

అతను లేచి నిలబడ్డడు. కొంచెం దూరం పోయి మళ్ల వచ్చిండు. "నాకు వారం టైం ఇయ్యిండ్రి," అని పోయిండు.

వారం తర్వాత ఫోన్ చేసిండు. తనతోటి కాదన్నడు. ధైర్యం లేదన్నడు, అదే మాట. మల్లిక రెండు రోజులు అన్నం తినలే. బాపమ్మ అయితే ఇంకో దానికి వణికింది. ఇగ ముచ్చట బయటపడ్తది, ఖానాపూర్ నుంచి గూడ లేవాలె అని బట్టలు మూట కట్టింది. నాకు గూడ అదే భయం. తలుపు చప్పుడైతే ఉలికిపడేటోళ్లం.

నెల గడిచింది, రెండు నెలలు గడిచినయి. ఏం రాలే.

తర్వాత తెల్సింది. సంబంధం తనకే ఇష్టం లేదని, అప్పుడే పెండ్లొద్దని ఆ పిలగాడు ఇంట్ల చెప్పిండట. మాటిచ్చి తప్పుతవా అని సంబంధం కుదిర్చినాయన నలుగుర్ల అతన్ని నోటికొచ్చినట్టు తిట్టిండట. తల్లి శానా రోజులు మాట్లాడలేదట. ఆడపిల్ల ఉసురు పోసుకున్నడని ఖానాపూర్‌ల గూడ అతన్నే అన్నరు. ఒక్క మాటతోటి అవన్నీ దులుపుకోవచ్చు. ఆ మాట అతను అనలే.

హెడ్మాస్టర్ సారు అంత మంచి మనిషి, ముచ్చట కడుపుల దాచుకోలేకపోయిండు. ఇతను పెండ్లే వద్దన్నడు, ముచ్చట దాచుకున్నడు. మంచితనం వేరు, ఒకరి ముచ్చట దాచిపెట్టే ఓపిక వేరు అని నాకు నౌకరి అయిపోయినంక తెల్సింది. ఆ గదిలకు కొత్తగ వచ్చే పిల్లలారా, మీకు మంచితనం ఉంటది, లేకుంటే ఈ పనికి రారు. ఆ రెండోది నేర్సుకోండి.

ఆ పిలగాని చిన్నమ్మ ఖానాపూర్‌ల మల్లిక వాళ్ల వాడలనే ఉంటది. మూడేండ్లయింది. ఇప్పటికీ వారానికోసారి వచ్చి వాళ్లింట్ల కూసొని, పీట మీద కాళ్లు సాపుకొని, మల్లిక పెట్టిన అన్నం తిని, తన అక్క కొడుకును తిట్టి పోతదట. మొన్న ఫోన్ల మల్లిక ఇది చెప్పుకుంట నవ్వింది.

"ఆమె తిడ్తుంటే నీకు ఎట్లనో అనిపియ్యదా?" అని అడిగిన.

"అనిపిస్తది మేడం. అందుకే తిట్టనియ్యను. ఆయన మంచోడు, ఏమనకుండ్రి అంట. ఎందుకు మంచోడు అని ఆమె అడుగుతది. ఇంకింత అన్నం వడ్డిస్త."